ఆసుపత్రి అప్పు తీర్చిన పద్దు

ప్రొద్దుటూరు మెయిన్ బజారులో ఒక బట్టల కొట్లో నేను గుమాస్తాను. ఇరవై రెండేళ్లుగా ఇతరుల జమాఖర్చులు రాస్తున్నాను. ఎవరి బాకీ ఎంత, ఎన్ని నెలలకు ఎంత వడ్డీ అయిందో పుస్తకం తెరవకుండా చెప్పగలను. అలాంటి నాకు 2022 ఆగస్టులో నా సొంత అప్పు ఎంతో తెలియదు. ఎవరైనా అడిగితే "ఓ నాలుగైదు లక్షలు ఉండవచ్చు" అనేవాణ్ని. గుమాస్తా నోట రాకూడని మాట అది.

జూలై మొదటి వారంలో ఒక రాత్రి మా ఆవిడకు కడుపునొప్పి వచ్చింది. గ్యాస్ అనుకుని మజ్జిగలో జీలకర్ర పొడి కలిపి ఇచ్చాను. తెల్లవారేసరికి మనిషి మెలికలు తిరిగిపోతోంది. పిత్తాశయంలోని రాయి జారి క్లోమం వాచిందన్నారు. ఇక్కడి నుంచి కడపకు, అక్కడి నుంచి ఇంకా పెద్ద నగరానికి అంబులెన్సులో తీసుకెళ్లాం. పందొమ్మిది రోజులు ఉంటే అందులో పదకొండు రోజులు ఐసీయూలోనే. ఖర్చు 7 లక్షలు దాటింది. బ్యాంకులో ఉన్న 2,10,000 మూడో రోజుకే అయిపోయింది. తక్కినదంతా అప్పు.

ఆ అప్పు తీరడానికి రెండున్నరేళ్లకు పైగా పట్టింది. ఏం చేయాలో, ఎక్కడ నేను తప్పు చేశానో వరుసగా చెబుతాను. మీ జీతం, మీ అప్పు వేరే కావచ్చు. లెక్క వేసే పద్ధతి మాత్రం అందరికీ ఒకటే.

బిల్లు చేతికి వచ్చిన రోజు

అప్పు తీర్చడం మొదలయ్యేది ఇంటికి వచ్చాక కాదు, డిశ్చార్జి రోజు బిల్లుల కౌంటరు దగ్గరే. మాకు ఒక్క పేజీ కాగితం ఇచ్చారు. మందులు ఇంత, పడక ఇంత, పరీక్షలు ఇంత అని ఏడెనిమిది వరుసలు. వివరంగా కావాలని అడిగాను. "అందరూ ఇదే తీసుకెళ్తారండీ" అన్నాడు కౌంటరులోని కుర్రవాడు. "నేను గుమాస్తాను బాబూ, పద్దు చూడకుండా సంతకం పెట్టే అలవాటు లేదు" అన్నాను. గంటన్నర కూర్చోబెట్టి 34 పేజీలు అచ్చు తీసి ఇచ్చాడు.

బయట ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుని ఎర్ర పెన్నుతో ఒక్కొక్క వరుసా చూశాను. ఐసీయూ నుంచి వార్డుకు మార్చిన రోజు రెండు పడకలకూ అద్దె వేశారు. పన్నెండో రోజు నుంచి ఒక ఇంజెక్షన్‌ను రోజుకు మూడు నుంచి రెండుకు తగ్గించామని డాక్టరు మాకు చెప్పారు, బిల్లులో మాత్రం చివరి వరకు మూడే ఉన్నాయి. ఇలాంటివన్నీ కలిపి 26,900. మంచం కింద సంచిలో సీలు తీయని మందులు చాలా మిగిలాయి. వాటిని రసీదులతో సహా ఆసుపత్రిలోని మందుల దుకాణంలో తిరిగి ఇస్తే 11,340 వచ్చింది. మొత్తం 38,240 తగ్గింది. నేను ఎవరితోనూ గొడవ పడలేదు. తేదీ, పేజీ నంబరు రాసుకుని వెళ్లి చూపించాను, వాళ్లు సరిచేశారు. అది నా రెండు నెలల జీతం కంటే ఎక్కువ.

వివరమైన బిల్లు అడగడం రోగి హక్కు. జాతీయ మానవ హక్కుల సంఘం తయారు చేసి, కేంద్ర ఆరోగ్య శాఖ 2019లో రాష్ట్రాలకు పంపిన రోగుల హక్కుల పత్రంలో ఈ మాట ఉంది. బిల్లు తగాదా పేరుతో రోగిని గాని మృతదేహాన్ని గాని పట్టి ఉంచకూడదని కూడా అందులోనే ఉంది. అయితే హక్కు పేరు ఎత్తకముందే ఎర్ర పెన్ను చాలావరకు పని చేస్తుంది.

అక్కడి నుంచి కదిలే ముందు డిశ్చార్జి సమ్మరీ, ముద్ర వేసిన అసలు బిల్లులు, డబ్బు కట్టిన ప్రతి రసీదు, పరీక్షల కాగితాలు తీసుకోండి. ఊరు చేరగానే మూడు జతల జిరాక్సులు తీయించండి. మేము అలా చేసినందువల్లే ముఖ్యమంత్రి సహాయ నిధికి దరఖాస్తు పెట్టగలిగాం. ఆ దరఖాస్తు ఎమ్మెల్యే గారి కార్యాలయం ద్వారా వెళ్తుంది. ఆధార్, రేషన్ కార్డు, బ్యాంకు పాస్‌బుక్కు నకలు, డిశ్చార్జి సమ్మరీ, అసలు బిల్లులు జతచేసి సిఫారసు లేఖతో పంపుతారు. అసలు బిల్లులు మన చేతిలో నుంచి వెళ్లిపోతాయి కాబట్టి జిరాక్సులు ముఖ్యం. మాకు ఏడు నెలల తర్వాత 85,000 వచ్చింది. వస్తుందని నమ్మి ఎవరికీ మాట ఇవ్వకండి. రాదని దరఖాస్తు మానకండి.

నేను చేసిన పెద్ద తప్పు దీనికి ముందే ఉంది. మాకు తెల్ల రేషన్ కార్డు ఉంది. ఆరోగ్యశ్రీ మన రాష్ట్రంలో 2007లో మొదలైంది. మొదటి విడత మూడు జిల్లాల్లో మన పక్కనున్న అనంతపురం ఒకటి. ఇప్పుడు దాన్ని ఎన్టీఆర్ వైద్య సేవ అంటున్నారు. ఇన్నేళ్లుగా ఉన్న పథకం గురించి ఆ రాత్రి నాకు తట్టనే లేదు. అంబులెన్సు ఆపిన చోట దించాను, అడిగిన చోట సంతకం పెట్టాను. ఆ ఆసుపత్రి పథకంలో లేదని నాలుగో రోజున తెలిసింది. అప్పటికి మనిషిని కదిలించే పరిస్థితి లేదు. మీ ఇంట్లో ఇలాంటి రాత్రి వస్తే కారు ఎక్కేలోపు ఏ ఆసుపత్రి పథకంలో ఉందో కనుక్కోవడానికి ఒకరిని 104కు ఫోను చేయమనండి. ఆసుపత్రి గుమ్మంలో మొదటి ప్రశ్నగా, పథకం తరఫున రోగులకు సాయం చేసే ఆరోగ్యమిత్ర ఎక్కడ కూర్చుంటారో అడగండి. ఇంట్లో డెబ్బై ఏళ్లు నిండినవారు ఉంటే 2024 అక్టోబరు నుంచి ఆదాయంతో పని లేకుండా ఆయుష్మాన్ కార్డు ఇస్తున్నారు. జబ్బు రాకముందే తీసి పెట్టుకోండి.

ఆ తప్పు రెండోసారి చేయలేదు. రాళ్లున్న పిత్తాశయాన్ని తర్వాత తీసివేయాలని చెప్పారు. మూడు నెలల తర్వాత ఆ ఆపరేషన్ కడప రిమ్స్‌లో చేయించాం. బస్సు చార్జీలు, నా ఇడ్లీల ఖర్చు తప్ప రూపాయి కాలేదు. పాత అప్పు తీర్చే ప్రయత్నంలో ఉన్నవాళ్లు జరగబోయే వైద్యం ఖర్చును ముందు ఆపాలి. మందుల చీటీ మీద మందు అసలు పేరు కూడా రాయమని డాక్టరును అడిగి జనౌషధి కేంద్రంలో చూడండి. నెలకు 3,100 అయ్యే మా మందులు 1,800కు దిగాయి.

ఒక కాగితం, అన్ని బాకీలు

ఇంటికి వచ్చిన వారం రోజుల వరకు నేను లెక్క రాయలేదు. రాస్తే నిజమవుతుందన్న భయం. రాత్రి నిద్ర పట్టేది కాదు. అది గమనించింది మా ఆవిడే. లేచి కూర్చోవడానికే ఓపిక లేని మనిషి "ఏమండీ, పుస్తకం తెండి, నేను చెప్తాను మీరు రాయండి" అంది. తాను మత్తులో ఉన్నప్పుడు నేను చేసిన అప్పులు కూడా ఎవరెవరో వచ్చి పలకరించిన తీరును బట్టి ఆమె కనిపెట్టేసింది. బావమరిది దగ్గర తీసుకున్న 60,000 నేను ఆమెకు చెప్పలేదు. అది ఆమే రాయించింది.

పొడవాటి జమాఖర్చు పుస్తకంలో ఆ రాత్రి రాసింది ఇది. బజారులో వడ్డీ వ్యాపారి దగ్గర ప్రామిసరీ నోటు మీద 1,50,000, మూడు రూపాయల వడ్డీ. డైలీ ఫైనాన్సులో ఇంకా కట్టాల్సింది 40,000. ప్రైవేటు ఫైనాన్సు కంపెనీలో నాలుగు తులాల గాజుల మీద 1,40,000. క్రెడిట్ కార్డు మీద 48,000. బావమరిది 60,000. మా యజమాని ఇచ్చిన అడ్వాన్సు 40,000. మందుల దుకాణం ఖాతా 14,600. మా అబ్బాయి నాకు చెప్పకుండా ఫోనులోని అప్పుల యాప్‌లో తీసుకున్నది 8,000. మొత్తం 5,00,600.

రాయడం పూర్తయ్యాక ఆ అంకె చూసి మా ఆవిడ "ఇంతేనా" అంది. బయటికి నాలుగైదు అంటున్నా, నేను కూడా మనసులో ఎనిమిది లక్షలు అనుకుంటున్నాను. రాయని అప్పు రాసిన అప్పు కంటే ఎప్పుడూ పెద్దదే.

పక్క గడిలో ప్రతి బాకీకీ తాకట్టు ఏమిటో, కట్టకపోతే వాళ్లు ఏం చేయగలరో రాయండి. బంగారమైతే వేలం వేస్తారు. సంతకం చేసిన చెక్కు ఇచ్చి ఉంటే అది బౌన్సయితే క్రిమినల్ కేసు అవుతుంది. నోటయితే సివిల్ కోర్టుకు వెళ్తారు. కార్డయితే ఫోన్లు చేస్తారు, అప్పులు కట్టే తీరుకు వేసే మార్కు, సిబిల్ స్కోరు, పడిపోతుంది. బావమరిది అయితే ఏమీ చేయడు, మా అత్తగారు మాత్రం పండక్కి పిలిచేటప్పుడు గొంతు మార్చుతారు.

అన్నిటినీ రూపాయి వడ్డీలోకి తెండి

అందరూ తడబడేది ఇక్కడే. ఒకడు శాతం అంటాడు, ఒకడు రూపాయి అంటాడు, ఇంకొకడు రోజుకు ఇంత కట్టు అంటాడు. భాషలు వేరైతే ఏది ఖరీదో తెలియదు. మనకు అలవాటైన భాషలోకి అన్నిటినీ మార్చండి. నూటికి నెలకు రూపాయి అంటే సంవత్సరానికి 12 శాతం. రెండు రూపాయలంటే 24, మూడంటే 36. శాతంలో చెబితే పన్నెండుతో భాగించండి.

ఫైనాన్సు కంపెనీ 21 శాతం అంది, అంటే రూపాయి ముప్పావలా. నెలకు 2,450.

క్రెడిట్ కార్డు నెలకు మూడున్నర శాతం. దాని మీద 18 శాతం జీఎస్టీ కలిస్తే నాలుగు రూపాయల పది పైసలు దాటింది. 48,000కు నెలకు వడ్డీ 1,680, పన్ను 302. బిల్లులో వాళ్లు అడిగిన కనీస మొత్తం 2,400. అది కడితే అసలులో తగ్గేది 418 మాత్రమే. ఆ 418ని నేను పుస్తకంలో గుండ్రంగా చుట్టాను. కనీస మొత్తం కట్టి ఊపిరి పీల్చుకునే వాళ్లందరికీ ఆ సున్నా చూపించాలనిపిస్తుంది.

అసలు మాయ డైలీ ఫైనాన్సుది. 50,000 అప్పు అని రాసుకుని చేతికి 45,000 ఇచ్చారు. రోజుకు 500 చొప్పున వంద రోజులు. వంద గడులున్న అట్ట కార్డు ఒకటి ఇస్తారు. ఉదయం తొమ్మిదిన్నరకు మోపెడ్ మీద ఒకాయన వచ్చి మా కొట్టు మెట్ల దగ్గర చెప్పుల పక్కన నిలబడేవాడు. నేను ఐదు వందలు ఇస్తే ఒక గడిలో సంతకం గీకి వెళ్లేవాడు. అయిదు వేలే కదా వడ్డీ, నూటికి పది కదా అనిపిస్తుంది. కాని ఆ 45,000 మన దగ్గర వంద రోజులూ ఉండదు. మొదటి రోజు నుంచే తిరిగి ఇస్తూ ఉంటాం. సగటున మన దగ్గర ఉన్నది 22,700 చిల్లర. దానికి మూడు నెలల పది రోజులకు 5,000 వడ్డీ. లెక్కిస్తే నూటికి ఆరున్నర రూపాయలు దాటింది. వడ్డీ వ్యాపారి మూడు రూపాయలు అన్నప్పుడు అమ్మో అనుకున్నవాణ్ని, దీనికి నవ్వుతూ సంతకం పెట్టాను.

నెలకు నేను కట్టాల్సింది కూడితే నోటు వడ్డీ 4,500, బంగారం వడ్డీ 2,450, కార్డుకు 2,400, డైలీకి 15,000. మొత్తం 24,350. నా జీతం 16,500. ఈ రెండు అంకెలు ఒకదాని కింద ఒకటి రాశాక, ఇకమీదట కష్టపడి పొదుపు చేస్తే తీరిపోతుందన్న భ్రమ పోయింది. టీ మానేసినంత మాత్రాన పూడే గొయ్యి కాదది. అప్పుల రూపమే మారాలి.

అంతవరకు నేను ఏం చేశానో ఒప్పుకుంటాను. గొంతు పెద్దవాడికి ముందు కట్టాను. పొద్దున్నే కొట్టు దగ్గరకు వచ్చి నలుగురిలో అడిగేవాడికి, ఫోను మీద ఫోను చేసేవాడికి. నోరెత్తని కార్డు నెలకు రెండు వేలు తింటున్నా దాని ఊసు పట్టించుకోలేదు. సిగ్గు కొద్దీ కట్టేవాళ్లందరూ చేసేది ఇదే. ఆ రాత్రి తర్వాత వడ్డీ ఎక్కువ ఉన్న దాన్ని పైన, తక్కువది కింద ఉండేలా పేజీ తిరిగి రాశాను. అరిచేవాళ్ల కోసం వేరే గడి పెట్టలేదు.

గొలుసు అమ్మాలా వద్దా

బంగారం అమ్మడం మన ప్రాంతంలో ఇంటి పరువు పోయినట్టు. అందులోనూ ప్రొద్దుటూరు. ఇంటి పక్కనే బంగారు అంగళ్లు. ఎవరు కొట్టు మెట్లు ఎక్కారో సాయంత్రానికి వీధి అంతా తెలుస్తుంది. తాకట్టు పెట్టి వడ్డీ కడుతూ నాలుగేళ్లకు వేలంలో పోగొట్టుకునేవాళ్లు కూడా అమ్మమంటే అమ్మరు. మా ఆవిడ మెడలో రెండు తులాల గొలుసు ఉంది. నేను అడగలేదు. ఆమే తీసి పుస్తకం మీద పెట్టి "దీని వడ్డీ ఎంతో కూడా రాయండి" అంది.

రాశాను. గొలుసు అమ్మితే 90,000 వస్తుంది. దాన్ని దాచుకుని నాలుగు రూపాయల కార్డు అప్పు మోయడమంటే ఆ గొలుసును నాలుగు రూపాయల వడ్డీకి మెడలో వేసుకున్నట్టే. మూడు అంగళ్లలో ధర అడిగాం. గ్రాము దాదాపు 4,700 ఉన్న రోజులు. తరుగు దగ్గర ఒక్కో అంగడిలో ఒక్కో మాట చెప్పారు. రాళ్లు లేని, హాల్‌మార్కు ఉన్న నగ కాబట్టి పెద్దగా కోత పడలేదు. మూడో అంగడిలో 90,000 ఇచ్చారు.

ఇప్పుడు చాలామంది అంటారు, 2025 మార్చికి గ్రాము ఎనిమిది వేలు దాటింది కదా, అమ్మి నష్టపోయారు కదా అని. లెక్క చూడండి. ధర నూటికి డెబ్బై అయిదు పెరిగిందనుకుందాం. కార్డు అప్పు అలాగే ఉంచి ఉంటే ఆ ముప్పై ఒక్క నెలలకు, వడ్డీ మీద వడ్డీ వేయకుండానే, నూటికి నూట ఇరవై ఎనిమిది అయ్యేది. అమ్మింది సరైనదే. రూపాయి లోపు వడ్డీ అప్పు కోసమైతే అమ్మేవాణ్ని కాదు. గాజుల అప్పును రూపాయి లోపుకు మార్చుకోవచ్చు, అందుకే వాటి జోలికి పోలేదు.

ఆ 90,000లో 48,000తో కార్డు మొత్తం తీర్చి ముక్కలు చేశాను. కార్డు వాళ్లు సెటిల్‌మెంట్ పేరుతో కొంత తగ్గించి ముగిద్దామంటారు. అలా ముగిస్తే సిబిల్‌లో పూర్తిగా కట్టినట్టు కాక సెటిల్ చేసుకున్నట్టు నమోదవుతుంది, తర్వాత బ్యాంకు అప్పులకు అడ్డం వస్తుంది. చేతిలో డబ్బు ఉంటే పూర్తిగా కట్టి బకాయి లేదన్న కాగితం తీసుకోవడం మంచిది.

డైలీకి అప్పటికి 38,000 మిగిలింది. ఇక్కడ ఒక చిక్కు. వడ్డీ ముందే కోసుకున్నారు కాబట్టి, ఏమీ తగ్గించకపోతే ముందుగా కట్టడంలో మనకు లాభం లేదు. 2,500 తగ్గించమని అడిగాను, 1,500కు ఒప్పుకున్నారు. 36,500 ఇచ్చి అట్ట కార్డు వెనక్కి తీసుకున్నాను. మరుసటి రోజు తొమ్మిదిన్నరకు మెట్ల దగ్గర ఎవరూ లేరు. కొట్లో పద్దు రాస్తూ రెండుసార్లు తలెత్తి చూశాను.

గాజులు, నోటు, సంఘం

గాజుల అప్పును తీర్చలేం, చోటు మార్చగలం. ప్రభుత్వ బ్యాంకులో బంగారం అప్పు తొమ్మిదిన్నర శాతానికి దొరికింది, అంటే ఎనభై పైసలు. కాని గాజులు కంపెనీ నుంచి విడిపిస్తేనే కదా బ్యాంకులో పెట్టగలిగేది. మా యజమానికి పుస్తకం చూపించి ఒక్క పూటకు డబ్బు అడిగాను. ఆయన ఏమీ మాట్లాడకుండా గల్లాపెట్టె తెరిచారు. పదకొండు గంటలకు కంపెనీలో కట్టి గాజులు తూకం వేయించుకుని తీసుకున్నాను. రెండు గంటలకు బ్యాంకులో అప్రైజర్ గీటు రాయి మీద గీసి చూశాడు. సాయంత్రం అయిదుకు యజమాని డబ్బు గల్లాపెట్టెలో ఉంది. నెల వడ్డీ 2,450 నుంచి 1,108కి దిగింది. యజమాని లేని వాళ్లు కూడా భయపడక్కర లేదు, కొన్ని బ్యాంకులు తామే పాత అప్పు కట్టి బంగారం తెచ్చుకుంటాయి. మేనేజరును అడగాలి. తాకట్టు రసీదు మీద గ్రాముల బరువు, గాజుల సంఖ్య సరిగా ఉన్నాయో అక్కడే చూసుకోండి.

మూడు రూపాయల నోటు మిగిలింది. మా ఆవిడ మెప్మా సంఘంలో, అంటే పట్టణాల్లోని మహిళల పొదుపు సంఘంలో, పదకొండేళ్లుగా సభ్యురాలు, ఒక్క వాయిదా కూడా తప్పలేదు. పల్లెల్లో అయితే వెలుగు సంఘాలు. ఆమె పరిస్థితి చూసి సంఘం వాళ్లే ఆమె వంతుగా 75,000 ఇప్పించారు, వడ్డీ రూపాయి లోపే. దాన్ని పట్టుకుని ఉదయం పూజ ముగిసే వేళకు వడ్డీ వ్యాపారి ఇంటికి వెళ్లాను. ఆయన గౌరవించే మా వీధి పెద్దాయనను వెంట తీసుకెళ్లాను. డబ్బు బల్ల మీద పెట్టాకే మాట మొదలుపెట్టాను. "సగం ఇప్పుడే తీసుకోండి, మిగతా సగానికి రెండు రూపాయలు వేసుకోండి" అన్నాను. కాసేపు గొణిగి ఒప్పుకున్నాడు. ఉత్త చేతులతో వెళ్లి వడ్డీ తగ్గించమంటే ఎవరూ వినరు. నోట్లు కళ్ల ముందు ఉంటే వింటారు.

నోటు విషయంలో మొహమాటం వద్దు. కొంత కట్టినప్పుడు నోటు వెనుక తేదీతో చెల్లు రాయించండి. కొత్త నోటు రాస్తే పాతది మీ చేతికి రావాలి, చింపడం మీరే చేయాలి. ఖాళీ నోటు మీద, ఖాళీ చెక్కు మీద సంతకం ఎంత అవసరంలోనూ పెట్టకండి, పెట్టి ఉంటే తీర్చే రోజు గుర్తుపెట్టుకుని వెనక్కి తీసుకోండి. నాకు తెలిసిన ఒక టైలరు పూర్తిగా కట్టేసి, నోటు రేపు ఇస్తానంటే సరేనన్నాడు. రెండేళ్ల తర్వాత కోర్టు కాగితం వచ్చింది. నోటుకు కాలపరిమితి మూడేళ్లు కాబట్టి గడువు దగ్గరపడే ముందు ఇలాంటివి బయటికి వస్తాయి. అలాంటి చిక్కులో పడ్డవాళ్లు కోర్టు ఆవరణలోని న్యాయ సేవాధికార సంస్థకు వెళ్లండి, 15100కు ఫోను చేసినా చెబుతారు. మహిళలకు, ఎస్సీ, ఎస్టీలకు ఆదాయంతో పని లేకుండా ఉచితంగా వకీలును ఇస్తారు. లోక్ అదాలత్‌లో వాయిదాల మీద రాజీ కుదిరితే కోర్టు ఫీజు కూడా తిరిగి వస్తుంది.

యాప్ సంగతి. మా అబ్బాయి చేతికి వచ్చింది 5,200, వారంలో 8,000 కట్టమన్నారు. ఎనిమిదో రోజు నుంచి వాడి ఫోనులోని నంబర్లన్నిటికీ బూతులు పంపుతామన్నారు. వాడు రెండు రోజులు అన్నం తినలేదు. నేను వాడి ఫోను తీసుకుని మా బంధువులందరికీ ముందే ఒక సందేశం పంపాను, ఈ ఫోను నుంచి నంబర్లు దొంగిలించారు, ఎవరైనా మా పేరు చెప్పి బెదిరిస్తే పట్టించుకోవద్దని. అంతటితో వాళ్ల చేతిలోని కర్ర విరిగిపోయింది. చేతికి వచ్చిన 5,200 కట్టేసి, సైబర్ నేరాల నంబరు 1930కు ఫోను చేసి ఫిర్యాదు చేశాం. గడువు పొడిగింపు పేరుతో వాళ్లు అడిగే డబ్బు మాత్రం ఒక్కసారి కూడా కట్టకండి, అది అసలులో చేరదు.

బ్యాంకులు, ఫైనాన్సు కంపెనీల వసూలు మనుషులు ఉదయం 8కి ముందు, రాత్రి 7 తర్వాత ఫోను చేయకూడదని రిజర్వు బ్యాంకు నిబంధన. చేస్తే ఆ సంస్థకు రాతపూర్వకంగా ఫిర్యాదు ఇవ్వండి. నెల రోజుల్లో జవాబు రాకపోతే ఇలాంటి ఫిర్యాదులు విచారించే రిజర్వు బ్యాంకు అంబుడ్స్‌మన్‌కు వెళ్లవచ్చు, ఫోను 14448.

తర్వాతి ముప్పై నెలలు

ఇంత తిప్పలు పడ్డాక నెలకు కట్టాల్సింది 24,350 నుంచి 8,600కు వచ్చింది. నోటు వడ్డీ 1,500, బంగారం 1,108, సంఘం వాయిదా 3,000, యజమాని జీతంలో కోసుకునే 2,000, మందుల దుకాణానికి 1,000. రాత్రి ఏడు తర్వాత రెండు చిన్న అంగళ్లకు లెక్కలు రాసి 3,500 తెచ్చాను. ఆ పైన చెప్పడానికి విశేషాలేమీ లేవు, నెలలు గడిచాయంతే. సహాయ నిధి డబ్బు వచ్చిన రోజే నోటు తీర్చేశాను, ఆ డబ్బు ఇంట్లో ఒక్క రాత్రి కూడా నిద్ర చేయలేదు. అబ్బాయి 2023 జూన్‌లో ఉద్యోగంలో చేరాక వాడి జీతంలో సగం గాజులకు వెళ్లింది.

ఖర్చుల దగ్గర మేము తగ్గించినవి రెండే. మా ఆవిడకు నూనె తగ్గించమన్నారు కాబట్టి ఇంటిల్లిపాదికీ అదే వంట. నెలకు నాలుగు లీటర్లు రెండయ్యాయి. సంగటి, చింతకాయ పచ్చడి ఉన్న ఇంట్లో అది పెద్ద కష్టం కాదు, ఆదివారం కారం దోసె మాత్రం గుర్తొచ్చేది. రెండోది చదివింపులు. పెళ్లిళ్లలో వెయ్యి నూట పదహార్లు రాయించేవాళ్లం నూట పదహార్లకు దిగాం. ముందుగానే దగ్గరివాళ్లకు చెప్పాం, ఈ రెండేళ్లు ఇంతేనని. ఇద్దరు ముఖం తిప్పుకున్నారు. మా పెద్దమ్మ కొడుకు మాత్రం "అన్నా, నాకూ చెప్పే ధైర్యం వచ్చింది" అన్నాడు. దసరాకు అమ్మవారిశాల అలంకారాలు రోజూ చూసి వచ్చాం, కొత్త బట్టలు మాత్రం కొనలేదు. బట్టల కొట్టు గుమాస్తా ఇంట్లో మూడు దసరాలు అలా గడిచాయి.

మందుల దుకాణం వాళ్లకు నెలకు వెయ్యి తప్పకుండా కట్టాను, కొత్త మందులు రొక్కానికే కొన్నాను. మళ్లీ అర్ధరాత్రి తలుపు తట్టాల్సిన చోటు అది.

వడ్డీ లేని బాకీ చివర తీర్చాలన్నది లెక్క. కాని బావమరిది డబ్బు అలా వదిలేస్తే మాటలు తగ్గిపోతాయి. అందుకని మొదట్లోనే అతని ఇంటికి వెళ్లి పుస్తకం చూపించాను. "నీది అన్నిటికంటే కింద రాశాను, కారణం ఇది, 2025 ఉగాది లోపు ఇస్తాను" అన్నాను. అతను పుస్తకం కాసేపు చూసి "బావా, మా అక్కయ్యను ఎక్కడ రాశావు" అన్నాడు. ప్రతి ఆరు నెలలకూ ఆ పేజీ ఫొటో తీసి అతనికి పంపేవాణ్ని.

గాజులు 2025 జనవరిలో ఇంటికి వచ్చాయి. ఉగాదికి ముందు రోజు, మార్చి 29న, బావమరిదికి చివరి 20,000 ఇచ్చాను. లెక్కపెట్టకుండా జేబులో పెట్టుకోబోతే ఆపి లెక్కపెట్టించాను. నోటు లేని అప్పే అయినా పుస్తకంలో చెల్లు అని అతని చేత రాయించి సంతకం తీసుకున్నాను.

ఏప్రిల్ నుంచి పోస్టాఫీసులో నెలకు వెయ్యి రికరింగ్ డిపాజిట్ వేస్తున్నాం. పాస్‌బుక్కు అట్ట మీద మా ఆవిడ పెన్సిలుతో 'పిత్తాశయం' అని రాసి పెట్టింది.